కటింగ్ బల్ల

ఆ ఇంట్లో వసంతం ఎప్పుడు ముగిసిందో తెలుసుకోవడానికి క్యాలెండరు చూడక్కర్లేదు. ఇంటిల్లిపాదీ చాపలు చంకన పెట్టుకుని డాబా ఎక్కారంటే ముగిసినట్టే. ఎండకి కాగిన గచ్చు మీద బకెట్లతో నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి పోయి అరికాళ్లకి చల్లదనం తగిలేదాకా ఎవరూ కూర్చోరు. పొద్దుట్నుంచీ తొట్లో నానిన పుచ్చకాయని ఎవరో ఒకరు చంటిపిల్లని ఎత్తుకున్నంత భద్రంగా పైకి తెస్తారు. పిట్టగోడ అవతల నుంచి మొదటి గాలి వీస్తుంది. "హమ్మయ్య" అని అందరూ ఒకేసారి అంటారు.

అందరూ గాలి కోసం డాబా ఎక్కితే ఎడమత్త ఒక్కతే పగని మోసుకుంటూ ఎక్కేది.

ఎందుకంటే, పుచ్చకాయ ముక్కలు పంచడం అవగానే ఆమె అన్నయ్య గొంతు సవరించుకునేవాడు. ఆయన కటింగ్ మాస్టరు. వీధిలో అందరికీ మాస్టరే, చివరికి కట్టుకున్న పెళ్లానికి కూడా. కింది గదిలో కుట్టు షాపు, పైన కాపురం. భర్త పోయాక ఎడమత్త కూతుర్ని తీసుకుని ఈ ఇంటికే వచ్చేసింది. షాపులో కాజాలు, గుండీలు, అంచులు ఆమె పని. కత్తెర మాత్రం ఆమె చేతికి ఇవ్వరు. ఎందుకివ్వరో చెప్పేదే మాస్టరు కథ.

"మా నాన్న టీకి వెళ్లాడు. పెళ్లికొడుకు కోటు గుడ్డ బల్ల మీద ఉంది. ఇది, మా చెల్లెలు, ఎవరూ చూడకుండా కత్తెర పట్టేసి కోటు చేతులు కోసేసింది. తీరా కుట్టి తొడిగితే ఏముంది? రెండూ ఎడం చేతులే! పెళ్లికొడుకు అద్దం ముందు నిలబడితే రెండు చేతులూ ఒకే దిక్కుకి తిరిగి, రోడ్డు మధ్య ట్రాఫిక్ పోలీసులా ఉన్నాడు పాపం!"

నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోంచే ఆమెకి ఎడమత్త అనే పేరు పుట్టింది. మాస్టరు కొడుకు మాటలు నేర్చిన రోజుల నుంచీ అలాగే పిలిచాడు. ఇప్పుడు వాడు బస్సు డ్రైవరు, ఈ మధ్యే పెళ్లి కూడా అయింది, అయినా అలాగే పిలుస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అసలు జరిగింది వేరు. ఆ కోటు చేతులు కోసింది మాస్టరే. కోసింది చేత్తోనే గానీ, మనసంతా కిటికీలో ఉంది. ఎదురింటి అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని నవ్వుతుంటే వీడు కబుర్లు చెబుతూ కోశాడు. కుట్టేటప్పుడు పొరపాటు కనిపెట్టింది చెల్లెలే. "అన్నయ్యా, రెండూ ఒకవైపువే" అంటే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాన్న వచ్చి "ఎవరు కోశారు?" అని గర్జించగానే, ఆమె నోరు తెరిచేలోపు "చెల్లెలు" అనేశాడు. తర్వాత మెట్ల కింద చెయ్యి పట్టుకుని బతిమాలాడు: "నాన్న కోపం చల్లారనీ, నేనే చెప్తాను."

అంతకు ముందు వారమే నాన్న ఆమెకి కత్తెర పట్టడం నేర్పుతూ, "నీ చెయ్యి వాడి చెయ్యి కంటే నిలకడ" అన్నాడు. ఆ రోజు మాత్రం "ఇది ఇక కత్తెర ముట్టకూడదు" అన్నాడు. ఆయన కోపం చల్లారింది. కొన్నాళ్లకి ఆయనా చల్లారిపోయాడు. అన్నయ్య మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే పోయె, దాన్నొక కథ చేసి ఏడాదికోసారి పుచ్చకాయతోపాటు పంచిపెట్టాడు. ఎదురింటి అమ్మాయిని పెళ్లి కూడా చేసుకున్నాడు.

ఎడమత్త అన్నీ మింగింది. తన సంగతైతే ఇంకా మింగేదేమో. కానీ ఈ ఏడు మాస్టరు మోకాళ్లు మొరాయించాయి. కటింగ్ అంటే నిలబడి చేసే పని. కొడుకేమో సూదిలో దారం కూడా ఎక్కించలేడు. ఎడమత్త కూతురు, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, ఆ కటింగ్ బల్ల కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది. పొరుగు షాపుల్లో చూసి చూసి కటింగ్ నేర్చుకుంది. రెండు వీధుల అవతల ఆడవాళ్ల బట్టలన్నీ గుట్టుగా అదే కోస్తోంది.

"మామయ్యా, ఒక్క నెల నిలబడనివ్వు. చెడగొడితే నువ్వే దింపెయ్" అని అడిగింది.

"తల్లి చేతి గుణం ఎక్కడికి పోతుందే పిచ్చుకా? నువ్వు గుండీలు కుట్టుకో" అన్నాడు మాస్టరు, నవ్వుతూనే. "బయట నుంచి మనిషిని మాట్లాడుతున్నా. డాబా ఎక్కిన రోజు ఎవరో చెప్తా."

పిచ్చుక ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. కంచంలో ఆ మిగిలిన అన్నం చూసినప్పుడే ఎడమత్త నిర్ణయానికొచ్చింది. కోటు విషయం ఇప్పుడు నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ముసలిదాని ఉక్రోషం అంటారు. వాడి నోటితోనే రావాలి. రాకపోతే రప్పించాలి.

బజారుకెళ్లి పూల గుడ్డ కొంది. ఒకవైపే అచ్చు, తిరగేస్తే వెలిసినట్టుంటుంది. పువ్వులు కాడలతో నిటారుగా ఉన్నాయి, తలకిందులైతే చిన్నపిల్లకి కూడా తెలిసిపోతుంది. కావలసినదానికంటే ఎక్కువే కొంది.

"కొత్త కోడలికి గౌను. ముందు భాగం, వెనక భాగం నువ్వు కొయ్యి. చేతులు ఉంచెయ్" అంది కూతురితో.

"చేతులెందుకమ్మా ఉంచడం?"

"పెద్దవాళ్ల చెయ్యి పడాలి."

"నీకు మామయ్య మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచీ?"

"నీకు బుద్ధి తెలియనప్పట్నుంచీ. నోరు మూసుకుని కొయ్యి."

చేతుల కోసం విడివిడిగా రెండు ముక్కలు మిగిలాయి. కుట్టుపని తెలిసినవాళ్లకి ఇందులో మెలిక తెలుసు. చేతికి ముందువైపు చంక గుంట లోతుగా ఉంటుంది, మోచేతి దగ్గర ఒంపు ముందుకి వస్తుంది. అందుకే కుడిచెయ్యీ ఎడంచెయ్యీ ఒకటి కావు. గుడ్డ మడతపెట్టి కోస్తే రెండూ వాటంతటవే వస్తాయి. విడి ముక్కల్లో, పువ్వులు చూసుకుంటూ కోస్తే మాత్రం మొదటిది అయ్యాక కాగితం నమూనాని తిరగేసి పెట్టాలి. తిరగెయ్యడం మర్చిపోతే అంతే సంగతులు. మామూలుగా మాస్టరు మర్చిపోడు. నాన్న పెట్టిన నియమం ఒకటుంది: కత్తెర ఆడేటప్పుడు నోరాడకూడదు. షాపులో మాస్టరు బల్ల దగ్గరుంటే కొనేవాళ్లైనా గుమ్మం బయటే నిలబడాలి. ఆయన తన్ను తానెరిగిన మనిషే. కబుర్లలో పడితే చేతులు ఆయనవి కావని ఆయనకి తెలుసు. ఆయన చెల్లెలికి ఇంకా బాగా తెలుసు.

డాబా ఎక్కిన రోజు నీళ్లు చల్లారు, చాపలు పరిచారు. సూర్యుడు ఇంకా పిట్టగోడ మీదే ఉన్నాడు. కొత్త కోడలు పుచ్చకాయ ముక్క కొరికి, గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక బుగ్గలో దాచుకుంది. "ఉమ్మెయ్యమ్మా, డాబా మనదే" అంది అత్తగారు. అంతా నవ్వారు. గాలి బాగుంది.

ఎడమత్త చెక్కపలక, సుద్ద, కత్తెర, నమూనా కాగితం, రెండు గుడ్డ ముక్కలు తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది.

"ఇదేంటే?"

"కొత్త కోడలి గౌను. అంతా అయింది, చేతులే మిగిలాయి. నువ్వు బల్ల దిగిపోతున్నావు కదా అన్నయ్యా, ఆఖరి కోత ఇంటి కోడలిదైతే బాగుంటుంది."

మాస్టరు ఉబ్బిపోయాడు. "చూశావామ్మా? ఎడం చెయ్యైనా మనసు కుడివైపే ఉంది దీనికి" అంటూ కళ్లద్దాలు పెట్టుకుని పలకని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముక్క పరిచాడు, నమూనా పెట్టాడు, సుద్ద గీత గీశాడు. కత్తెర కసకస నడిచింది. తిరుగులేని కోత. ఎంత కోపమున్నా ఎడమత్త మనసులో ఒప్పుకుంది.

రెండో ముక్క పరుస్తుండగా అంది: "అన్నట్టు, కొత్త కోడలు ఆ కోటు కథ వినలేదుగా. చెప్పన్నయ్యా."

అందరూ ఆమె వైపు తిరిగారు. మేనల్లుడి చేతిలో పుచ్చకాయ ముక్క నోటి దగ్గరే ఆగింది. "అత్తా! నువ్వే అడుగుతున్నావా?"

"నా కథేగా. నేనడక్కపోతే ఎవరడుగుతారు?"

"ఏం కథ మామయ్యగారూ?" అంది కొత్త కోడలు, ముందుకి జరుగుతూ.

ఇక మాస్టరుని ఆపేదెవరు? "మా నాన్న టీకి వెళ్లాడు..." అని ఎత్తుకున్నాడు. నోరు కథలో ఉంది, కళ్లు కోడలి మొహం మీద ఉన్నాయి, చేతులు నమూనా కాగితాన్ని రెండో ముక్క మీద పెట్టాయి. మొదటిదాని మీద ఎలా పెట్టాయో అలాగే. సుద్ద గీత పడింది.

ఎడమత్తకి గీత పక్కన అన్నయ్య వేళ్లు కనిపించాయి. కణుపులు ఉబ్బిన ముసలి వేళ్లు. ఇంకా గుడ్డ తెగలేదు. ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"...అప్పుడే మా నాన్న అన్నాడు, దీని చేతికి కత్తెర ఇస్తే కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చినట్టేనని!"

నాన్న ఆ మాట ఏనాడూ అనలేదు. కొత్తగా అతికించాడు, కోడలిని నవ్వించడానికి. ఎడమత్త నాలుక చివరి మాట వెనక్కి పోయింది. కత్తెర ఒంపు తిరుగుతూ కసకస కోసేసింది. ఆ చప్పుడు ఆమె చెవులకి గాలి కంటే హాయిగా తగిలింది.

"...రెండూ ఎడం చేతులే! ట్రాఫిక్ పోలీసు!"

అంతా నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు ఎడమత్త నవ్వింది. కళ్లు తుడుచుకుని, "ఏదీ, చేతులు ఒకసారి కోడలి భుజాల మీద పెట్టి చూడన్నయ్యా" అంది.

మాస్టరు రెండు ముక్కలూ ఎత్తి కోడలికి ఆ భుజం మీదొకటి ఈ భుజం మీదొకటి ఆనించాడు. ఆనించినవాడు అలాగే ఉండిపోయాడు.

"మామయ్యగారూ, ఇదేంటి, ఇది వెనక్కి వంగింది?" అంది కొత్త కోడలు అమాయకంగా. "రెండూ ఒకవైపే ఉన్నాయే!"

పిచ్చుక లేచి వచ్చి ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి, పువ్వులు పైకి పెట్టి చూసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. అది తల్లి వైపు చూసింది. తల్లి చూపు అన్నయ్య మీద ఉంది.

"ఎవరు కోశారు?" అంది ఎడమత్త. నాన్న అడిగినంత గట్టిగా కాదు, మెల్లగానే.

"పొద్దుగూకింది కదా... కళ్లద్దాలు..."

"ఇంకా ఎండ పోలేదు. ఎవరు కోశారన్నయ్యా?"

"నేనే. కబుర్లలో పడి..."

"కబుర్లలో పడి. మరి కోటు రోజు ఎవరితో కబుర్లలో పడ్డావు?"

మాట్లాడింది ఆయన భార్య. పుచ్చకాయ తొక్కలు ఏరుతున్నదల్లా ఆగి, "పెళ్లికొడుకు కోటు... నల్లగుడ్డ, సన్న చారలదేనా?" అంది. "ఆ రోజు నువ్వు కిటికీలోంచి నాతో మాట్లాడుతూ కోస్తున్నావు కదా మాస్టరూ? కత్తెర చూపించి జడ కోసేస్తానని బెదిరించావు. నాకు బాగా జ్ఞాపకం. ఆ కోటే ఈ కోటా?"

"అది... ఎప్పటి మాటో..."

"ఇన్నేళ్లూ నేను దీన్ని చూసి నవ్వానే!" అంది ఆవిడ. "నోటి నిండా పుచ్చకాయ పెట్టుకుని నవ్వాను!"

"నాన్నా, నిజమా?" అన్నాడు కొడుకు.

మాస్టరు కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఎటు చూసినా మొహాలే. కథ చెప్పేటప్పుడు ఆయనకి కావలసిందీ అవే మొహాలు. "నేనే కోశాను" అన్నాడు చాప వైపు చూస్తూ.

"వినపడలేదు. గాలి" అంది ఎడమత్త.

"ఆ కోటు చేతులు నేనే కోశాను. చెల్లెలు కాదు."

"ఇంకోసారి. కొత్త కోడలి వైపు చూసి చెప్పు. కోతీ కొబ్బరికాయా సంగతి కూడా చెప్పు."

"అమ్మా, చాలు" అంది పిచ్చుక.

"నీకు చాలేమో, నాకు చాలదు."

మాస్టరు కోడలి వైపు తిరిగి చెప్పాడు. అంతా చెప్పాడు. తండ్రి అడిగిందీ, తను అన్నదీ, మెట్ల కింద ఇచ్చిన మాటా. చెబుతున్నంతసేపూ ఎడమత్త పుచ్చకాయ తింటూ కూర్చుంది. కాయ ఎంత తియ్యగా ఉంటుందో, అన్ని వేసవుల్లో ఆమెకి తెలిసింది ఆ పూటే.

"రేపట్నుంచి బల్ల దగ్గర పిచ్చుక నిలబడుతుంది" అంది ఆయన భార్య, మొగుడితో కాదు, గాలితో అన్నట్టు. "బయటి మనిషికి కబురు పంపించెయ్. కాదంటే వంటకి కూడా బయటి మనిషిని చూసుకో."

మాస్టరు తల ఊపాడు. పిచ్చుక మిగతా గుడ్డ తెచ్చుకుని పలక ముందు చతికిలబడింది. ఎవరూ చెప్పకుండానే నమూనా పెట్టి ఒక చెయ్యి కోసింది, తిరగేసి పెట్టి రెండో చెయ్యి కోసింది. కొత్త కోడలు రెండూ భుజాల మీద ఆనించుకుని ఒక చుట్టు తిరిగింది. పువ్వులన్నీ నిటారుగా నిలబడ్డాయి.

మాస్టరు చెల్లెలి పక్కకి జరిగాడు. గొంతు తగ్గించి, "నేను గీత గీస్తున్నప్పుడే చూశావు కదూ?" అన్నాడు.

"కాగితం పెట్టినప్పుడే."

"ఒక్క మాట అనచ్చుగా!"

"నువ్వు అన్నావా?"

ఆయన పిట్టగోడ పట్టుకుని లేచాడు. మెట్ల వైపు నడిచాడు. దిగడం ఆయనకి ఎక్కడం కంటే కష్టం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, మూలిగి, రెండో కాలు దింపాలి. రోజూ అయితే చెల్లెలే చెయ్యి ఆసరా ఇచ్చి దింపుతుంది. వదిన లేవబోయింది.

"కూర్చో వదినా" అంది ఎడమత్త. "ఇంకా సగం కాయ ఉంది."

వదిన కూర్చుంది. కింది నుంచి ఒక మూలుగు వినిపించింది, కాసేపాగి మరొకటి. ఎడమత్త వింటూ, నల్లటి గింజలు ఒక్కొక్కటీ పిట్టగోడ అవతలికి ఉమ్ముతూ కూర్చుంది.