చప్పుడు విని కొన్న కెమెరా

కెమెరా కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరైనా దాన్ని కంటి దగ్గర పెట్టుకుంటారు. ఈయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. కౌంటరు వెనకున్న అమ్మాయి రెండేళ్ళుగా ఆ షాపులో రకరకాల మనుషుల్ని చూసింది గానీ, అంత ఖరీదైన వస్తువుని పుచ్చకాయలా చెవికి ఆనించుకొని కళ్ళు మూసుకున్న మనిషిని చూడడం అదే మొదలు. పక్కనున్న కూతురు, ఇంకెవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. అందరూ చూస్తున్నారు.

ఆయన తప్పేం లేదు. నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసి బతికినవాడు. ఊళ్ళో దర్జీలందరూ ఆయన్ని చెవుల మేస్త్రీ అనేవారు. గుమ్మంలో నిలబడే, లోపల నడుస్తున్న మిషన్ చప్పుడు విని, సూది వంకరపోయిందనో, బాబిన్ అరిగిందనో తేల్చేసేవాడు. స్క్రూడ్రైవరు సంగతి తర్వాత. మోకాళ్ళు మొరాయించి కిందటేడు దుకాణం మూసేశాడు గానీ, చెవులు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో ఫ్రిజ్ మూలిగినా, ఎదురింటి తలుపు కిర్రుమన్నా నూనెడబ్బా పట్టుకొని లేస్తాడు.

అలాంటి మనిషి ఆ వారం మొదట్లో ఒక పొద్దున టీ తాగుతూ, తనకి కెమెరా కావాలన్నాడు. ఫోన్‌లో ఉండేది కాదట, పెద్దదట, మెడలో వేసుకునేదట. మెడలో నూనెడబ్బా వేలాడేసుకోవడం కంటే అదే నయమని భార్య తన మిషన్ ముందుకి వెళ్ళి కూర్చుంది. కూతురికి మాత్రం పట్టరాని సంతోషం. ఆమె పళ్ళ డాక్టరు. చదివించినంత కాలం చొక్కా కూడా కొత్తది కొనుక్కోని తండ్రి, ఆమెకి బుద్ధి తెలిశాక అడిగిన మొదటి కోరిక ఇది. ధర వంక చూడొద్దని, ఎంతైనా తనదే పూచీ అని ముందే మాట తీసుకుంది.

ఎందుకు కావాలో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

సంగతి ఏమిటంటే, ఆయన భార్య కుట్టుపని మానేస్తోంది. కుడి భుజం పట్టేస్తోంది. డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు, మూడోసారి కోప్పడ్డాడు. ఒప్పుకున్న ఆఖరి పని ఒక స్కూలు స్టేజీకి తెర. అది కాగానే, ఆదివారం వ్యాన్ వచ్చి మిషన్‌ని ఆవిడ చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళిపోతుంది. ఆ ఏర్పాటంతా ఆవిడే చేసింది, అదీ నవ్వుతూనే. ఆ నవ్వు చూశాకే మేస్త్రీకి గుండెలో ఏదో కలుక్కుమంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మిషన్ ముందు కూర్చున్న మనిషి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదని అప్పుడు తోచింది.

అంటే ఫోటోలు లేక కాదు. ఆల్బములు అటక నిండా ఉన్నాయి. అన్నింట్లోనూ ఆవిడది ఒకటే ముఖం. కెమెరా కనబడితే చాలు, పెదవుల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసేస్తుంది, చేతులు తుడుచుకుంటుంది, వెన్ను నిటారుగా పెట్టి ఊపిరి బిగబడుతుంది, ఇంజెక్షన్ ఎప్పుడు గుచ్చుతారా అన్నట్టు చూస్తుంది. తన పేషెంట్లే నయమని, నోరైనా తెరుస్తారని కూతురు ఏడిపిస్తూ ఉంటుంది. మేస్త్రీకి తెలిసిన ముఖం వేరు. పెదవుల ఎడమ కొసన మూడు గుండుసూదులు, ఒక కనుబొమ పైకి, గెడ్డం కిందికి, పొడుగాటి కుట్టు పడేటప్పుడు గొంతులో ఏ పాటకీ చెందని ఒక కూనిరాగం. ఆ ముఖం చూసే కదా ఆయన ఆ రోజుల్లో పడిపోయింది!

అప్పట్లో ఆవిడ పుట్టింట్లో ఇదే మిషన్ దారం తెంపేస్తోందని కబురొస్తే వెళ్ళాడు. పది నిమిషాల్లో బాగైంది. అయినా బెల్టు వదులైనట్టుందని ఒకసారి, చక్రం చప్పుడు తేడాగా ఉందని ఒకసారి, ఊరికే నూనె వేసి పోదామని ఒకసారి వెళ్ళాడు. నిజానికి మిషన్ దివ్యంగా ఉంది. అబద్ధమాడి పని చేసింది ఆయన బతుకులో ఆ మూడుసార్లే. ఆ రహస్యం భార్యకి కూడా ఈనాటికీ చెప్పలేదు.

ఆ ముఖం మిషన్‌తో పాటు వెళ్ళిపోకూడదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవిడకి తెలియకుండా తీయాలి. కూతురికి చెబితే అరగంటలో తల్లి చెవిన పడుతుంది, ఇక ఇంజెక్షన్ ముఖమే గతి. ఈలోగా గురువారం వచ్చేసింది.

“ఏం తీద్దామనుకుంటున్నారు సార్?” అని షాపు అమ్మాయి అడిగింది.

ఆయన నీళ్ళు నమిలాడు. కూతురు పక్కనే ఉంది. “పక్షులు,” అన్నాడు.

అమ్మాయి మోచేతంత పొడుగున్న లెన్సు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. తండ్రికి పక్షుల మీద ఈ ప్రేమ ఎప్పుడు పుట్టిందో కూతురికి అర్థం కాలేదు. మొన్నటికి మొన్న కిటికీ మీద పావురాలు రొద చేస్తున్నాయని చీపురు పట్టుకొని వెంటపడ్డవాడు. అడగబోయేంతలో క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, ఎవరికో దవడ వాచిందట. ఆమె బయటికి వెళ్ళగానే మేస్త్రీ కౌంటరు మీదికి వంగాడు.

“పక్షులు కాదమ్మా. ఒకటే. ఇంట్లోనే ఉంటుంది.”

“పంజరంలోనా సార్?”

“కుట్టుమిషన్ ముందు. కెమెరా చూస్తే బిగుసుకుపోతుంది.”

అమ్మాయి నవ్వలేదు. ఆ పెద్ద లెన్సుని లోపల పెట్టేసి, స్టూలు లాక్కొని కూర్చుంది. గదిలో వెలుతురు ఎంత, ఆయన నిలబడే చోటుకీ మిషన్‌కీ దూరం ఎంత అని అడిగింది. పన్నెండు అడుగులు, భార్య టేపుతోనే కొలిచాడు. కిటికీ ఒకటే, అదీ పొద్దునపూటే వెలుతురు. చప్పుడు వినబడకూడదంటే అసలు చప్పుడే చెయ్యని కెమెరాలు వచ్చాయని, లోపల అద్దం ఉండదని ఒకటి చేతికిచ్చింది. మేస్త్రీ నొక్కాడు. ఏమీ వినబడలేదు. మళ్ళీ నొక్కి, తీసిందా అని అడిగాడు. రెండుసార్లూ తీసిందని ఆమె తెర మీద చూపించింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. ఆయన ఎరిగినంతలో, చప్పుడు లేని మిషనంటే ఆగిపోయిన మిషనే.

“మెత్తగా పలికితే చాలమ్మా. అసలు పలక్కపోతే నాకు భయం,” అన్నాడు.

అందుకని అద్దం ఉన్నవే, డీఎస్ఎల్ఆర్‌లే, మూడు వరసగా పెట్టింది. మీట నొక్కినప్పుడు లోపల అద్దం లేచి పడుతుందని, వినబడేది ఆ చప్పుడేనని చెప్పింది. ఆ సంగతి మేస్త్రీ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడే కనిపెట్టేశాడు. ఎన్ని మెగాపిక్సెళ్ళో ఆమె చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, వేలి కణుపులతో కౌంటరు గాజు మీద దరువు మొదలుపెట్టాడు. భార్య పొడుగు కుట్టు వేసేటప్పటి వేగం అది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. తను వాయిస్తూ ఉంటానని, మధ్యలో ఆమెని ఒక్కొక్క కెమెరా నొక్కమని అడిగాడు.

మొదటిది తలుపు వేసినట్టు టపీమంది. వద్దన్నాడు. రెండోది బాగానే పలికింది గానీ చివర్న సన్నగా స్ప్రింగు జీర వినబడుతోందన్నాడు. అమ్మాయి రెండేళ్ళలో ఎన్నడూ వినని జీర అది, ఆయన చెప్పాక మాత్రం వినబడింది. మూడోదానికి మెత్తగా పలికే ఏర్పాటు ఉంది. మీట అటు తిప్పి నొక్కింది. చిన్నగా, గుండ్రంగా టక్‌మంది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి నొక్కింది. ఏది తన వేలో, ఏది కెమెరానో కళ్ళు మూసుకున్న మేస్త్రీకి తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

ఇదే కావాలన్నాడు.

ఆ కెమెరా మూడింట్లోకీ చవకది. మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టమని, చీకటి గదిలో ఫోటో బాగా రావాలంటే పని చేసేది పెద్ద గాజేనని అమ్మాయి ఉన్నమాట చెప్పింది. ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు ఒకటి బిగించి, జూమ్ ఉండదని, ముందుకీ వెనక్కీ తనే నడవాలని, దూరం అదే సరిచూసుకుంటుందని, పచ్చ చుక్క వెలిగాక నొక్కితే చాలని రెండుసార్లు చేయించింది. చివర్న ఆయన గోళ్ళ వంక చూసింది. నలభై ఏళ్ళ నలుపు అక్కడే ఉంది.

“దీనికి మాత్రం ఎక్కడా నూనె వెయ్యకండి సార్.”

మేస్త్రీ కొంచెం నొచ్చుకున్నాడు. నిజంగానే ఆ ఉద్దేశం ఉంది. ఇంతలో కూతురు తిరిగొచ్చి, మోచేతంత లెన్సు ఏదని అడిగితే, మన పక్షికి అంత పెద్దది అక్కర్లేదటని చెప్పి గబగబా డబ్బా చంకన పెట్టుకున్నాడు.

శుక్రవారమంతా ఆరేసిన బట్టల్నీ, ఫ్రిజ్‌నీ, గోడ గడియారాన్నీ తీసి తీసి చెయ్యి కుదురు చేసుకున్నాడు. శనివారం పొద్దున మిషన్ గది నిండా ముదురు ఎరుపు తెర. కుర్చీల మీదా, మంచం మీదా, నేల మీదా అదే పరుచుకొని ఉంది. మధ్యలో ఆవిడ తల ఒక్కటీ కనబడుతోంది. అడుగు అంచు ఒక్కటే మిగిలింది. పొడుగాటి కుట్టు, ఆయనకి కావలసిందీ అదే.

వంటింటి గుమ్మం పక్కన పిల్లిలా నిలబడ్డాడు. మిషన్ మొదలైంది. కూనిరాగం మొదలైంది. కనుబొమ పైకి లేచింది. మేస్త్రీ దరువు అందుకొని నొక్కాడు. ఆవిడ తల ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు. ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది. మిషన్ నడిచినంతసేపూ ఆయన చేతులు వాటి పనిలో అవి ఉన్నాయి. తొమ్మిదోది నొక్కేవేళకి ఆవిడ గుడ్డ సర్దుకోవడానికి చటుక్కున కాలు ఆపింది. నిశ్శబ్దంలో టక్‌మంది. మేస్త్రీ గోడకి అతుక్కుపోయాడు. ఆవిడ అంచు సర్దుకుంది, మళ్ళీ తొక్కింది. బతికిపోయాననుకొని ఇంకో రెండు తీసి చల్లగా వంటింట్లోకి జారుకున్నాడు.

గట్టు మీద కెమెరా పెట్టుకొని దాని వెనకనున్న చిన్న తెరలో ఫోటోలు చూశాడు. మూడు గుండుసూదులు, ఒక కనుబొమ, చెంప మీద కిటికీ వెలుతురు, చుట్టూ ఎర్రటి తెర. ఆవిడే. అచ్చంగా ఆవిడే. అరవై నాలుగేళ్ళ మనిషి, వంటింట్లో ఒక్కడే నిలబడి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

లోపల మిషన్ ఆగింది.

“పదకొండు తీశారు,” అంది ఆవిడ అక్కణ్ణుంచే. “తొమ్మిదోది నేను కాలు ఆపాక నొక్కారు.”

మేస్త్రీ కెమెరాతో సహా గుమ్మంలోకి వచ్చాడు. తప్పు చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు. “వినబడిందా?”

“నా మిషన్‌లో లేని చప్పుడు నాకు తెలియదా?”

“మరి బిగుసుకోలేదే?”

ఆవిడ మిషన్ చక్రం మీద అరచెయ్యి ఆనించింది. ఆ చక్రాన్ని నలభైసార్లు విప్పి బిగించినవాడికి, ఆ చెయ్యి తన మీదే ఉన్నట్టు అనిపించింది.

“ఆ రోజుల్లో బెల్టు వదులైందని వచ్చారు, చక్రం తేడాగా ఉందని వచ్చారు, నూనె వేస్తానని వచ్చారు,” అంది. “మిషన్‌లో ఏ లోపమూ లేదు. నాకు అప్పుడే తెలుసు. అప్పుడు మాత్రం ఏమన్నా అన్నానా?”

ముప్ఫై నాలుగేళ్ళు దాచిన రహస్యం ఇంత తేలిగ్గా బల్ల మీదికి వస్తుందని మేస్త్రీ కలలో కూడా అనుకోలేదు.

“ఇంకో గజం మిగిలింది,” అంది ఆవిడ. “ఆ గుమ్మంలో దాక్కోవద్దు. ఎదురుగా వచ్చి తీయండి.”

ఆయన తెర తొక్కకుండా పక్కనుంచి వచ్చి మిషన్ ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ గుండుసూదులు తీయలేదు, చేతులు తుడుచుకోలేదు. తొక్కడం మొదలుపెట్టింది. ఆయన కెమెరా ఎత్తాడు. అప్పుడు ఆవిడ, చేతుల కింద గుడ్డ నడుస్తుండగానే, తల ఎత్తి నేరుగా ఆయన వంక చూసి, గుండుసూదుల మధ్య నుంచే నవ్వింది. మేస్త్రీ నొక్కాడు. ఈసారి దరువు సంగతి ఆయనకి గుర్తే లేదు.

ఆ ఆఖరి గజంలో ఒకచోట కుట్టు వేలెడంత మేర వంకరపోయింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ చేతి కింద కుట్టు వంకరపోవడం అదే మొదటిసారి. ఆవిడ దాన్ని వేలితో ఒకసారి తడిమి చూసింది, విప్పలేదు. దారం కత్తిరించి, తెర మడిచేసింది.