వార్త కింద పేరు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? ఆ ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే రెండు జవాబులు వచ్చేవి. భర్త, తనకే జరిగిందనేవాడు: పదకొండేళ్లుగా వాడుకుంటున్న వార్తల సర్వీసును మూసేస్తున్నారు, అదీ తన వ్యాసాల పుస్తకం అచ్చుకు వెళ్లే నెలలోనే. ఆయన తల్లి, ఎవరికీ జరగలేదనేది: ఫోనులో ఒక బొమ్మ ఆరిపోతే దాన్ని అన్యాయమంటారట్రా? మూడో మనిషిని, భార్యను, ఎవరూ అడగలేదు. ఆమె అప్పుడు పాలగిన్నె అడుగున మాడినది గీకుతోంది.

తడిచేయి గుడ్డకు తుడుచుకుని ఆమె ఆ సందేశాన్ని మళ్లీ తెరిచింది. "ఈ నెలాఖరుతో మా సేవలు ముగుస్తాయి. మీ వ్యాఖ్యలను ఆలోగా మీ ఫోనులోకి దింపుకోండి. ఇన్నేళ్లు మాతో కలిసి చదివినందుకు కృతజ్ఞతలు." చివరి వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది. వంట బాగుందన్నవాళ్లు ఉన్నారు, జ్వరంలో సేవ చేసిందన్నవాళ్లూ ఉన్నారు. చదివినందుకు మాత్రం ఎవరూ ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. చదివినందుకు సంజాయిషీ ఇచ్చుకోవడమే ఆమెకు అలవాటు. "ఆ ఫోనులో ఏముందోయ్ అంత?" అని భర్త. తాను పనిచేసే ఆస్పత్రి రికార్డు గదిలో, మధ్యాహ్నం దొరికే అరగంటలో, "వంటలు చూస్తున్నావామ్మా?" అని పెద్ద గుమాస్తా. రెండు దేశాలు ఒక నదిని పంచుకోలేక పడుతున్న తగవును చదువుతూ ఆమె "అవునండీ" అనేది. ఉడుకుతున్నది ఏదైతేనేం అనుకునేది.

ఆ సర్వీసులో ప్రతి వార్త కిందా పాఠకులు తమ మాట రాసుకునే చోటుండేది. రాసిన మాట కింద రాసినవారి పేరు, రాసిన వేళ పడేవి. మొదటిరోజు అది పేరు అడిగినప్పుడు ఆమె బడి సర్టిఫికెట్టులోని పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసింది. కావాలని చేసింది కాదు. అడగ్గానే చేయి రాసిన పేరు అది. తెల్లవారుజామున అయిదింటికి, కుక్కరు మొదటి కూతకూ మూడో కూతకూ మధ్య ఆమె చదివి, తన మాట రాసేది. అత్తగారు పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది. ఈమధ్య ఆవిడ కళ్లకు పొర కమ్మింది. "నాకోసం గట్టిగా చదవక్కర్లేదులే" అంటూనే కుర్చీ దగ్గరికి జరుపుకునేది. "ఆ మంత్రి అబద్ధమాడుతున్నాడే అమ్మాయ్, మొన్న ఇంకోలా అన్నాడుగా" అని పట్టేది. అబద్ధాన్ని పట్టడంలో ఆవిడది పాము చెవి.

శుక్రవారం నాడు ఆమె తన వ్యాఖ్యలను పేరు లేకుండా తెల్లకాగితాల మీదికి ఎత్తి భర్తకు ఇచ్చేది. ఆయన మొదట ఒక సామెత, చివర ఒక ప్రశ్న అతికించి, పైన తన ఫొటో పెట్టి వారపత్రికకు పంపేవాడు. మధ్యలో ఉన్నదంతా ఆమె. ఊళ్లో ఆయన "మాష్టారు" అయ్యాడు, ఆలోచనాపరుడయ్యాడు. తొలి సంవత్సరం పత్రిక సంపాదకుడు ఇంటికి వచ్చి, బల్ల మీది కాగితాలు చూసి, "ఈ దస్తూరి ఎవరిదండీ?" అన్నాడు. భర్త దగ్గాడు. అత్తగారే అందుకుంది: "మావాడు చెబుతాడు, కోడలు రాస్తుంది. వాడి దస్తూరి కోడి గీకినట్టుంటుంది నాయనా." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. భర్త దగ్గును ఆమె ఎప్పుడో క్షమించింది. తన నవ్వును క్షమించుకోలేకపోయింది. అత్తగారి మాటనైతే మరచిపోనే లేకపోయింది, ఎందుకంటే అప్పటికి ఆవిడ కళ్లు బాగానే కనిపించేవి, రోజూ చూస్తున్న మనిషి ఆవిడ ఒక్కతే.

"అన్నీ ఒకేసారి దింపి నాకు పంపు. పేర్లూ గీర్లూ ఉంటే తీసెయ్. పుస్తకంలో ఇంకొన్ని వేయాలి, ప్రెస్సు ఆవిడ తొందరపెడుతోంది" అన్నాడు భర్త.

దింపబోతే సర్వీసు ఒక ప్రశ్న అడిగింది: పేరుతోనా, పేరు లేకుండానా? ఆమె బొటనవేలు ఆగింది. పేరు లేకుండా దింపితే నెలాఖరు తరువాత ఆ పేరు ఎక్కడా మిగలదు. తాను ఒక యుద్ధం గురించి బాధపడిందనీ, ఒక తీర్పును తప్పు పట్టిందనీ, గనిలో చిక్కుకున్న కార్మికుల కోసం నాలుగు రోజులు అన్నం సయించక మెతుకులు కెలికిందనీ చెప్పడానికి ఈ లోకంలో ఒక్క ఆనవాలూ ఉండదు. అంట్లు తోమిన ఆనవాలైనా అరచేతుల్లో ఉంటుంది గాని ఆలోచనకు కాయలు కాయవు కదా. భర్త దొంగ కాడు, దొంగకు తాను తీసుకుంటున్నది పరాయిదని తెలుస్తుంది. ఆయనకు ఇంట్లో ఉన్న గాలి ఎలాగో ఇదీ అలాగే. ఇన్నేళ్లూ శుక్రవారం తరువాత శుక్రవారం తన పేరును తన చేత్తోనే కత్తిరించి ఇచ్చినది ఎవరు? ఆ కత్తిరింపు ఇక చాలనుకుంది. పేరుతోనే దింపి ఆయనకు పంపింది.

దొంగచాటుగా చేయడం ఆమెకు ఇష్టం లేదు. ముందుగదిలోకి వెళ్లి, "పేరు తీయలేదండీ. ఇకమీదట తీయను. చూసుకుని పంపండి" అంది.

ఆయన అట్టమీదికి ఫొటో ఎంచుకుంటున్నాడు. "ఇందులో గడ్డం ముందుకొచ్చినట్టుందా?"

"వచ్చింది. పేరు తీయలేదంటున్నాను."

"సరే సరే. ఇదిగో, ప్రెస్సుకు పంపేశాన్లే."

పదకొండేళ్లలో ఆమె ఇచ్చినదాన్ని విప్పి చూసుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

ఆదివారం ఉదయం ప్రెస్సు యజమానురాలు కాగితాల కట్టతో స్వయంగా వచ్చింది. "మాష్టారూ, వ్యాసాలన్నీ ఈ వ్యాఖ్యల్లోనే ఉన్నాయి, మాటకు మాట. ప్రతిదాని కిందా ఒక ఆడమనిషి పేరుంది. ఎవరీవిడ?"

 ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "అదా... ఎవరో పాఠకురాలండీ. అలాంటివి కలిసిపోతుంటాయి. తీసేయండి."

"ఎవరో కాదు, నేనే" అంది ఆమె గుమ్మంలోంచి. 

"మా ఆవిడకు హాస్యమెక్కువ" అని ఆయన నవ్వాడు. "నేను చెబుతుంటే రాసీ రాసీ, తనదే అనుకుంటోంది."

ప్రెస్సు యజమానురాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ మొగుడూ పెళ్లాల తగవు నాకొద్దు. అట్టమీద ఎవరి పేరు వేయాలి? చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి."

"ఒరేయ్, ఆ నవ్వు ఆపు" అంది అత్తగారు మూలనున్న కుర్చీలోంచి. "చూసినదాన్ని నేనున్నాను."

"నీకు కళ్లు కనిపించవు గదమ్మా, నువ్వేం చూశావు?"

"కనిపించినప్పుడు చూశాను, కనిపించనప్పుడు విన్నాను. నువ్వు పొద్దున దుప్పటి ముసుగు తీసేసరికి ఆ వార్తలు మేమిద్దరం నమిలి మింగేసేవాళ్లంరా. అమ్మాయ్, ఆ పత్రికాయనకు ఫోను కలుపు."

"ఆయనకెందుకు అత్తయ్యా? ఇక్కడ చెప్పారుగా."

"అబద్ధం ఆయన మొహం మీద ఆడాను. ఇక్కడ నిజం చెబితే అక్కడి అబద్ధం చస్తుందా?"

ఆమె కలిపి ఇచ్చింది. అత్తగారు ఫోనును రెండు చేతులతో పట్టుకుని నిటారుగా కూర్చుంది. "నాయనా, దస్తూరి ఎవరిదని నువ్వు ఒకసారి మా ఇంట్లో అడిగావు. మావాడు చెబితే కోడలు రాసిందన్నాను. అది అబద్ధం. తెలిసే ఆడాను. కొడుకు కదా, వెలుగులోకి వస్తున్నాడు కదా అనుకున్నాను. చదివిందీ అదే, ఆలోచించిందీ అదే, రాసిందీ అదే. మావాడు సామెతలు అతికించాడు. పత్రికలో ఈ ముక్క నువ్వు వేయాలి."

 అవతలి మనిషి ఏదో అడిగాడు. "నీ పేరు చెప్పమంటున్నాడు" అని ఆవిడ ఫోను కోడలికి అందించింది. ఆమె పుట్టింటి ఇంటిపేరుతో మొదలుపెట్టి నిదానంగా, ఆయన రాసుకునేలా చెప్పింది. భర్త ఫొటోలను ఒకదాని మీద ఒకటి సర్దుతూ తల ఎత్తలేదు.

ఫోను పెట్టేశాక అత్తగారు కోడలి ముంజేయి తడిమి పట్టుకుంది.

"అంతా చెప్పానా అమ్మాయ్? నేను చెప్పవలసింది ఇంకేమైనా మిగిలిందా?"

"లేదు అత్తయ్యా, ఏమీ మిగల్లేదు."