పెరట్లో పెట్టె, మూలన సంచి

పెరట్లో గడ్డి పీకడం నా వంతు. అక్కడ కొండ పరిశోధన కేంద్రం వాళ్ళు పెట్టిన పెట్టె ఉంది. దాని చుట్టూ గాలి హోరు తగ్గడానికి చిల్లుల పైపులు పరిచారు. అగ్నికొండ కడుపులో కదలిక మొదలైతే మనిషి చెవికి అందని చప్పుడు వస్తుందట, దాన్ని ఈ పెట్టె వింటుందట. కొండ చుట్టూ ఇలాంటివి నాలుగిళ్ళలో ఉన్నాయి. స్థలం ఇచ్చిన పేరు మా ఆయనది, పైపుల మీద ఆకులు ఏరే చాకిరీ నాది.

నాది మొదటి నుంచీ పిరికి గుండె. పాప తుమ్మితే నా ఆలోచన ఆసుపత్రి దాకా పోతుంది. కొండ పేలితే ఎలాగని వీధి గదిలో ఒక సంచి సర్ది ఉంచాను. ఒకసారి అత్తయ్య అది విప్పి చూసి, "నీవీ పాపవీ ఉన్నాయి. మా వాడి చొక్కా ఒక్కటీ లేదేమే?" అంది. "మరిచిపోయానత్తయ్యా," అన్నాను. మరిచిపోయాననే అనుకున్నాను.

మా ఆయన నన్ను సైరన్ అంటాడు. "మా సైరన్ మోగితే కొండే బెదిరి పారిపోతుంది," అని ఇంటికొచ్చిన వాళ్ళ ముందు నవ్వుతాడు.

ఈ ఉదయం కేంద్రం నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. "కొండ ఉరిమితే నాలుగు పెట్టెలూ వింటాయండీ. మీ పెట్టె మాత్రం మిగతా వాటికి వినబడని దెబ్బలేవో వింటోంది. తలుపు విసిరికొడితే ఇలాగే వస్తుంది. వీటి మధ్య అసలుది వస్తే పోల్చుకోలేం."

"ఇంకెవరు, మా సైరనే! దీనికి చేతులు కుదురుగా ఉండవు," అన్నాడాయన.

"ఇక నుంచి మెల్లగా వేస్తానండీ," అన్నాను నేను.

ఆమె గేటు దాటిందో లేదో, "ఇంటి గుట్టు దానికి మోసింది నువ్వేనా? గదిలోకి నడు," అన్నాడు. ఆ గొంతు వినగానే పాప తలెత్తకుండానే రంగు పెన్సిలు కింద పెట్టి, రెండు చెవులూ మూసుకుంది. పెట్టె కన్నా ముందే విన్నది నా పిల్ల. ఆ తర్వాతే తలుపు పడింది. తలుపు పడ్డాక గదిలో నాకు జరిగేది ఏ పెట్టెకీ అందదు.

ఇన్నేళ్ళూ నేను కొండ వైపు చూసి భయపడ్డాను.

ఆయన పనికి వెళ్ళాక ముఖం కడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాను. పాప కిటికీలోంచి కొండ వైపు చూసింది. "పేలుతోందా అమ్మా?"

"లేదమ్మా. చెప్పులేసుకో."

అత్తయ్య గుమ్మంలో నిలబడి నా వాచిన చెంప చూసింది, సంచి చూసింది. చెంప గురించి అడగలేదు. "మా వాడి బట్టలు మళ్ళీ మరిచిపోయావా?" అంది.

"అప్పుడూ మరిచిపోలేదత్తయ్యా."