బడి గుప్పెడు

బెంగాలీల ఊళ్లో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో, వలసొచ్చిన డాక్ కూలీల పిల్లలకి సాయంత్రంపూట నడిచే తెలుగు బడికి ఏడాది పొడుగునా చందాలు ఎలా రాబట్టాలో రాసిపెట్టే పని అప్పలలక్ష్మి మీద పడింది. పడింది అనడం కంటే ఆమే భుజాన వేసుకుంది అనాలి. ఆ బడిలో అక్షరాలు దిద్దుకునే మొదలుపెట్టి ఆమె బి.కాం. దాకా వెళ్లింది. వాళ్లింట్లో పట్టా మొహం చూసిన మొదటి మనిషి. ఇప్పుడు ఆ బడిలోనే ఉద్యోగం. అది మూతపడటమంటే ఆమెకి సొంత ఇంటికి తాళం వేసుకున్నట్టే.

అంతవరకూ బడి నడిపే తెలుగు సంఘంవాళ్లు దుర్గాపూజ రోజుల్లోనే చందాలకి తిరిగేవారు. ఆ డబ్బు చలికాలం దాటేసరికి ఆవిరైపోయేది. ఆపైన పంతులుగారి జీతానికి తడుములాట. అందుకని అప్పలలక్ష్మి పెద్ద అట్ట మీద ఉగాది నుంచి ఉగాది దాకా నెలకో గడి గీసింది. బడులు తెరిచేటప్పుడు పుస్తకాల కోసం దుకాణాలవాళ్లని అడగాలి. పూజకి ముందు బోనస్ అందుకున్న ఆఫీసర్లని అడగాలి. పూజ అయిన నెల మాత్రం ఎవరినీ ఏమీ అడక్కూడదు, ఇచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి పిల్లల చేతిరాత చూపించి రావాలి. డిసెంబరులో కంపెనీలు, మార్చిలో ఆదాయపు పన్ను తగ్గించుకునే ఉద్యోగులు. అన్ని గడుల్లోనూ పై వరసలో ఒకటే మాట రాసింది. బడి గుప్పెడు.

అది ఆ వీధి ఆడవాళ్ల ఆనవాయితీ. అన్నానికి ఎసరు పెట్టేముందు ఒక గుప్పెడు బియ్యం బడి పేరు చెప్పి విడిగా తీసి ఉంచుతారు. ఆదివారం పొద్దున్నే అప్పలలక్ష్మి తల్లి కామాక్షమ్మ రేకు డబ్బా చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. ఎవరింటి బియ్యం ఆ ఇంటావిడ తన చేత్తోనే పొయ్యాలి. ఆ మధ్యాహ్నం పిల్లలందరికీ అదే కిచిడీ.

సంఘం కార్యదర్శి శ్రీనివాస రావు గారు బ్యాంకులో పెద్ద ఉద్యోగి, బదిలీ మీద వచ్చినాయన. మంచివాడే. అట్ట అంతా చదివి మెచ్చుకుని, పై వరస దగ్గర ఆగారు.

"ఇది తీసెయ్యమ్మా. కంపెనీవాళ్లు చూడ్డానికొస్తారు. తల్లులే బియ్యం పెట్టుకుంటుంటే మధ్యలో మేమెందుకు అంటారు. అయినా, పాపం, లేనివాళ్లని కష్టపెట్టడం ఎందుకు?"

ఆ ఆఖరి మాట అప్పలలక్ష్మికి న్యాయంగానే తోచింది. ఆ ఇళ్లలో బియ్యం సంగతి ఆమెకి తెలియనిదా? ప్రతి గడిలోనూ ఎర్ర సిరాతో తనే కొట్టేసింది. కబురు కూడా తనే ఇంటింటికీ మోసుకెళ్లింది, ఏదో వరం పట్టుకొచ్చినట్టు.

తల్లి ఒక్కతే అడ్డుపడింది.

"ఒలే లచ్చిమీ, మీ నాన్నకి పని నేని రోజుల్లో కూడా నాను గుప్పెడు ఆపనేదు. ఏటి, ఇకనించి మనం పుచ్చుకునీవోలమేనా?"

"నీకు తెలీదమ్మా. ప్లానింగంటే ఇలాగే ఉంటాది."

చదువుకున్న కూతురి మాట కదా అని కామాక్షమ్మ ఊరుకుంది. డబ్బాలో ఉల్లిపాయలు పోసుకుంది.

పథకం ఎక్కడా దారి తప్పలేదు. బల్లలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, పంతులుగారికి నెలనెలా జీతం అందింది. కాకపోతే ఇచ్చిన ప్రతిదానికీ ఫొటో కావాలి. బల్ల ఇస్తే బల్లతో, పలకలిస్తే పలకలతో, అరటిపళ్లిస్తే అరటిపళ్లతో. పిల్లల్నీ తల్లుల్నీ వరసగా నిలబెట్టేది అప్పలలక్ష్మే. నవ్వమనేదీ ఆమే.

ఇదివరకు బడిలో ఫ్యూజు పోతే పిలవకుండానే నిచ్చెన ఎక్కేవాడు గురువులు అనే క్రేను డ్రైవరు. ఇప్పుడు, ఆఫీసు బాబులున్నారు కదా, వాళ్లకే చెప్పుకోండని బీడీ ముట్టించుకున్నాడు. వానాకాలం నీళ్లు లోపలికొస్తే ఏ ఇంటినుంచీ ఒక్క చీపురు కదల్లేదు. పిల్లలూ పలచబడ్డారు. పంచేది ఉన్ననాడు గది నిండుతుంది, లేనినాడు పంతులుగారూ కొత్త ఫ్యానూ మిగులుతారు. పిల్లల్ని ఎందుకు పంపడం లేదని తల్లుల్ని అడిగితే, రేపు ఏం పంచుతారని వాళ్లే ఎదురడుగుతారు. లచ్చిమీ అని పిలిచిన నోళ్లే ఇప్పుడు అమ్మగారూ అంటున్నాయి. ఈ సంగతి శ్రీనివాస రావు గారి చెవిన వేస్తే, పంచే రోజులు పెంచితే సరి, హాజరు తగ్గితే కంపెనీ వచ్చే ఏడు ఇవ్వదన్నారు.

మళ్లీ ఉగాది దగ్గరపడింది. కొత్త అట్ట మీద అప్పలలక్ష్మి ఎవరినీ అడక్కుండా పై వరసలో పాత మాటే రాసింది. ఆదివారం పొద్దున్న డబ్బాలో ఉల్లిపాయలు కింద గుమ్మరించి, శుభ్రంగా తుడిచి తల్లి ముందు పెట్టింది. కామాక్షమ్మ దాని వంకైనా చూడలేదు.

"ఒద్దని సెప్పిన నోటితో నువ్వే అడుగు. నాను రాను."

అప్పలలక్ష్మి ఒక్కతే బయల్దేరింది. మొదటి గుమ్మం నారాయణమ్మది. ఒకప్పుడు డబ్బా చప్పుడు వింటే చాలు, గుప్పెడు పట్టుకుని తనే ఎదురొచ్చే మనిషి. ఇప్పుడు చెప్పిందంతా నిలబడి విని లోపలికెళ్లింది. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి తల దువ్వుకుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని ఉంది. కూతుర్ని రెక్క పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. బియ్యం పట్టిన గుప్పెడు డబ్బా మీదికి చాపి, విప్పకుండా అలాగే ఉంచింది.

అప్పలలక్ష్మి డబ్బా పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఆమె నేర్పిన నవ్వే నవ్వుతూ నారాయణమ్మ మెల్లిగా అడిగింది.

"ఫొటో తియ్యరేటి, అమ్మగారూ?"