ఓబులేసు జట్టు, తిరుపతమ్మ సంఘం

ఉగాదికి సెలవు మీద వచ్చిన ఓబులేసు ఇంట్లో అడుగు పెడుతూనే అమ్మను పలకరించలేదు. ఫోను గోడకు ఆనించి, దాని ముందు రెండు చేతులూ పైకెత్తి, ఒకసారి గుండ్రంగా తిరిగాడు. ఫోనులోని ఏడు మొహాలు తృప్తిగా తలూపాయి.

తిరుపతమ్మ నీళ్ల చెంబుతో అలాగే నిలబడిపోయింది.

"ఎవురు నాయనా వాళ్లు? నిన్ను సంతలో ఎద్దును చూసినట్ల చూస్తాండారు?"

"మా జట్టు మా. దెబ్బలేం తగల్లేదని చూపిస్తాండా."

ఓబులేసు సరిహద్దులో ఉన్నన్నాళ్లూ బుద్ధిమంతుడే. సెలవు దొరికితేనే వాడికి కాళ్లు నిలవవు. నిరుడు కప్పలదిన్నె పిడకల పోరులో మెడ కింది ఎముక విరగ్గొట్టుకుని, కట్టుతోనే రైలెక్కాడు. అంతకు ముందు సెలవులో పందెం కాసి వంతెన మీద నుంచి కాలవలోకి దూకాడు. కాలవలో నీళ్లు లేవు.

ఇలాంటి వీరులు ఆ పటాలంలో ఇంకా ఉన్నారట. శత్రువు చేతిలో కంటే సెలవుల్లోనే ఎక్కువ మంది దెబ్బలు తింటున్నారని పెద్ద ఆఫీసరు తల పట్టుకుని, ఒక శిక్షణ పెట్టించాడు. ఎనిమిదేసి మందిని జట్టు కట్టించి, గుండ్రంగా కూర్చోబెట్టి, మనసులో ఉన్నది చెప్పించారు. కోపమొచ్చినా, హుషారొచ్చినా, ఎవరైనా రెచ్చగొట్టినా మూడు పనులు చేయాలి. ఆగాలి, ఊపిరి తీసుకోవాలి, జట్టుకు చెప్పాలి. ఒకడు తెలివితక్కువతనంతో దెబ్బ తగిలించుకుంటే జట్టు మొత్తానికి సెలవులు వెనక్కి పోతాయి.

"నా తర్వాత సెలవు గుర్‌ప్రీత్‌ది మా. ఆ తలపాగా వాడు. వాని పెండ్లి. నాకేమన్నా అయితే అది ఆగిపోతాది."

"ఇందులో కొత్తేముండాది రా? మా పొదుపు సంఘం గూడా ఇంతే గదా. ఒకామె కంతు కట్టనని మొండికేస్తే అందరికీ చేటు."

తిరుపతమ్మ ఆ సంఘానికి లీడరు. ఎవరైనా మొండికేస్తే మిగిలిన ఆడవాళ్లంతా పోయి ఆమె వాకిట్లో కూర్చుంటారు. తిట్టరు, అరవరు. ఆకువక్క నములుతూ కూర్చుంటారు, అంతే. పొద్దు వాలేలోగా ఎంతటి మొండిదైనా దిగి రావాల్సిందే.

అంతలో గుర్‌ప్రీత్ తన తల్లిని కూడా ఆ కాల్‌లో కలిపాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ హిందీలో, "అక్కా, చుట్టాలందరికీ చెప్పేశాం. మీ వాడిని కాస్త ఇంట్లోనే ఉంచు" అంది. తిరుపతమ్మకు పక్కింటి సాయిబుల దగ్గర నేర్చుకున్న తురకం వచ్చు. "ఫికర్ మత్ కరో", దిగులు పడొద్దని గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చేసింది.

మాటివ్వడం సులభమే. ఉగాది మరునాడే పిడకల పోరు.

స్వామికీ అమ్మవారికీ పెళ్లికి ముందు మాట పట్టింపు వచ్చిందట. ఓబులేసు వాళ్లుండే మీది వీధి స్వామి పక్షం, కింది వీధి అమ్మవారి పక్షం. తెచ్చిన పిడకలన్నీ అయిపోయేదాకా ఒకరి మీద ఒకరు విసురుకుని, దెబ్బల మీద విభూతి రాసుకుని, అందరూ కలిసి పెళ్లి చేస్తారు. పిడక పడనిదే తాళి పడదు. పిడకలు కొట్టేది ఆడవాళ్లు, విసిరేది మగవాళ్లు. తిరుపతమ్మ పిడకంటే పెంకుతో సమానమని ఊళ్లో పేరు. నిరుడు కొడుకు ఎముక విరిచింది కింది వీధి పిడకంటే ఆమె ఇప్పటికీ నమ్మదు. వాళ్ల పిడకకు అంత పస ఎక్కడిది?

పోరు నాడు మధ్యాహ్నం ఆమె తమ్ముడు రంగన్న వచ్చాడు. మీది వీధి దళానికి ఆయనే పెద్ద.

"ఏమప్పా అల్లుడా, మంచం దిగవా?"

"రాను మామా. జట్టుకు మాటిచ్చినా."

"దేశానికి కాపలా కాసేటోడివి, ఈడ కోడిపిల్లలకు కాపలా కాస్తాండావా?"

"రంగన్నా, నోరు ముయ్!" అంది తిరుపతమ్మ.

"నేను మూస్తా అక్కా. కింది వీధోళ్లు మూస్తారా? మిలిట్రీవోనికి చీర పంపిస్తామంటాండారు."

ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. లేచాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. జట్టుకు చెబుదామని ఫోను తీశాడు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. మూడింటిలో రెండు చేశాను కదా అనుకున్నాడో ఏమో, పంచె ఎగ్గట్టి గోడ దూకాడు.

తిరుపతమ్మకు గుర్‌ప్రీత్ తల్లి కళ్లు గుర్తొచ్చాయి. వీధిలోకి పోయి కేకేసింది. "మేయ్, రాండి! కూచునే పని పడింది!"

సంఘంలో రెండు వీధుల వాళ్లూ ఉన్నారు. ఎవరింటికి, ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆకువక్కలు చెంగున కట్టుకుని వచ్చేశారు. నేరుగా గుడి ముందు మైదానానికి పోయి, రెండు దళాల నడుమ కూర్చున్నారు. ఎత్తిన పిడకలు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఎవరు విసిరినా తగిలేది సొంత పెళ్లానికో అత్తకో.

"అక్కా, లెయ్! దేవుని పెండ్లి ఆగిపోతాది!" అన్నాడు రంగన్న.

"ఆగగూడని పెండ్లి ఇంగోటి ఉండాది. వాడు ఇంటికి పోతే మేము లేస్తాం."

"నేను పోను మా. ఊరంతా నగుతారు," అన్నాడు ఓబులేసు.

"అయితే కూచుంటాం," అంది తిరుపతమ్మ, ఆకుకు సున్నం రాస్తూ.

పొద్దు జరిగింది. చివరికి పూజారి విసిగిపోయి గుడి మెట్ల మీద నుంచి అరిచాడు. "ముహూర్తం పోతాది! పిడక పడాల, అంతే! ఎవురు యేస్తే ఏమి!"

ఆడవాళ్లు నమిలేది ఆపారు.

"కొట్టేది మేమే గదా," అంది కింది వీధి యశోద మెల్లగా. "యేసేకి మా చేతులు పడిపోయినాయా?"

తిరుపతమ్మ ఆలోచించింది. మగవాళ్లంతా పక్కన కూర్చుంటే ఓబులేసు ఒక్కణ్ని చూసి నవ్వేవాళ్లుండరు. "మీరంతా ఆ గుడి గోడెక్కండప్పా," అంది. ముహూర్తం భయానికి మగవాళ్లు గొణుగుతూనే పిడకలు దించి గోడెక్కారు.

ఆచారానికి ఒక్కటి విసిరి వచ్చేద్దామనే ఆమె ఉద్దేశం. ఆ ఒక్కటీ పోయి యశోద నడుముకు తగిలింది. యశోద విసిరింది తిరుపతమ్మ కొప్పును ఊడగొట్టింది. ఆ తర్వాత లీడరుకు సంఘమూ గుర్తులేదు, సైన్యమూ గుర్తులేదు. మైదానమంతా పేడ దుమ్ము. ఏళ్ల తరబడి పిడకలు కొట్టిన చేతులు ఒక్కసారిగా విసరడం మొదలుపెడితే ఎలా ఉంటుందో కప్పలదిన్నె మగవాళ్లు మొదటిసారి చూశారు. రంగన్న తల మీద బుట్ట బోర్లించుకున్నాడు.

గోడ మీద నుంచి ఓబులేసు గొంతు చించుకున్నాడు. "మా! ఆగు! ఊపిరి పీల్చు! సంఘానికి చెప్పు!"

"సంఘమే రా కొడతాండేది!" అంది తిరుపతమ్మ, ఇంకో పిడక ఏరుకుంటూ.

దేవుని పెళ్లి వైభవంగా జరిగింది. గుడి మిట్ట మీద సిగ్నల్ దొరకగానే ఓబులేసు చేతులెత్తి గుండ్రంగా తిరిగాడు. ఒక్క గీత కూడా లేదు. అవతల గుర్‌ప్రీత్ మంచమెక్కి గంతులేయబోతే మిగిలిన వాళ్లు పట్టి కిందికి లాగారు. పెళ్లయ్యేదాకా మంచం కూడా ఎక్కవద్దన్నారు.

తర్వాత గుర్‌ప్రీత్ తల్లి తిరుపతమ్మకు దండం పెట్టుకుంటానని అడిగింది. తిరుపతమ్మ నుదుటి మీదికి కొంగు లాక్కుని ఫోను పట్టుకుంది. పసుపు పూసిన బొప్పి కొంగు కింద దాగలేదు.

"అక్కా, అదేంది?"

"గడప తగిలింది."

"జుట్టులో ఉన్నదేంది?"

తిరుపతమ్మ తడుముకుంది. పిడక ముక్క. తప్పక జరిగిందంతా చెప్పింది. ఈ వయసులో ఇదేం పనని తిడుతుందేమో అనుకుంది.

గుర్‌ప్రీత్ తల్లి గొంతు తగ్గించింది. "మరి ఆ యశోదకు ఎక్కడెక్కడ తగిలింది?"

కొడుకు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని, తిరుపతమ్మ ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది.