మడత వదిలిన మేడ

ఇవాళ పొద్దున కాకినాడ మెయిన్ రోడ్డులోని మా పాత మేడకి గోడలు బిగుతయ్యాయి. అది ఊపిరి పీల్చినప్పుడల్లా బాల్కనీ కమ్మీలు ఊడి రోడ్డు మీద పడుతున్నాయి.

మేడ ఓనరు సుబ్బలింగంగారు మేస్త్రీని కాదని, పై అంతస్తులో టైలరు షాపు నడిపే నన్ను పిలుస్తారు.

"మేస్త్రీ అయితే పడగొట్టేద్దామంటాడు అబ్బులూ. నువ్వయితే కుట్లు విప్పుతావు. సాయంత్రంలోగా వదులు చెయ్యకపోతే కింద కొట్లవాళ్లంతా నలిగిపోతారయ్యా."

"ఆయ్, లోపల మడత వదిలుంటే విప్పుతానండి."

"మా తాతగారు కట్టించిందయ్యా. వదలకుండా ఉంటారా?"

నిజమే. ఎదిగే పిల్లలకి బట్టలు కుట్టేటప్పుడు లోపల మడత వదలడం మా పద్ధతి. పాతకాలం మేస్త్రీలూ అంతే. కత్తెర మొనతో గోడ కుట్లు విప్పుతాను. మేడ కదలకుండా నిలబడుతుంది. ఆ విషయంలో కొలతలివ్వడానికొచ్చే పెళ్లికొడుకుల కంటే నయం.

మొదటి మడతలోంచి గానుగ సున్నం వాసన వస్తుంది, అందులో కలిపిన బెల్లం నీళ్లతో, కరక్కాయతో సహా. రెండో మడతలో రంగూన్ టేకు దూలాలు ఇంకా ఓడ దిగుతున్నాయి. ఆ తర్వాతి దాంట్లో ఎప్పుడో మూతపడిన గ్రామఫోన్ల కొట్టు ఉంది. గుమాస్తా సోడా తాగుతున్నాడు, నన్ను చూసి పక్కకి జరుగుతాడు. ఇన్ని విప్పినా మేడకి చాలలేదు.

ఆఖరి మడత నా షాపు వెనక గోడలో ఉంది. విప్పబోతే అందులో మా అమ్మాయి కుసుమ కూర్చుని ఉంది. ఏడేళ్లప్పుడు జ్వరంతో పోయింది. ఇన్నాళ్లూ ఇక్కడే ఎదిగినట్టుంది. తలలో నెరిసిన వెంట్రుకలు కూడా ఉన్నాయి. నాకు దుఃఖం ఆగదు.

"నీ గౌనుకి మడత వదిలాను తల్లీ. విప్పే రాతే లేకపోయింది."

"తెలుసు నాన్నా. అందుకే ఇందులోకి వచ్చాను."

"ఇది విప్పితే గది సాగిపోతుందే. నువ్వు దూరమైపోతావు."

"విప్పకపోతే కిందవాళ్లు పోతారు గదా. కానియ్ నాన్నా."

ఒక చేత్తో ఆమె వెనకున్న గోడని పట్టుకుని, ఏడుస్తూనే విప్పుతాను. మేడ హాయిగా నిట్టూరుస్తుంది. కింద సుబ్బలింగంగారు కొట్లన్నిటికీ సాంబ్రాణి వేయిస్తారు. గది మాత్రం పొడుగవుతూ కాకినాడ రేవు దాటిపోతుంది. మధ్యలోంచి ఓడ ఒకటి అడ్డంగా వెళ్తుంది. అది తప్పుకునేసరికి కుసుమ దూరానికి చిన్నదై, మళ్లీ ఏడేళ్ల పిల్లంత ఉంది.

"అక్కడే ఆగవే!" అని అరుస్తాను.

ఆగదు. తప్పటడుగులు వేసే పిల్లంత అవుతుంది, తర్వాత పాకే పిల్లంత, తర్వాత కనబడదు.

గోడని నేను వదల్లేదు, రెండో చేయి కూడా వేశాను. కాళ్లు షాపు గుమ్మంలోనే ఉన్నాయి, చేతులు గోడతోపాటే సాగి సముద్రం దాటాయి. అవతల నా అరచేతుల్లోకి ఏదో వెచ్చగా వస్తుంది, అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు. గుండెలకి హత్తుకుందామంటే మోచేతులు నడిసముద్రంలో ఉన్నాయి, వంగడం లేదు.