చీకటి గదిలో అడవి చిక్కుడు

బయట మిట్టమధ్యాహ్నం. తలుపుకి అవతల, గదిలో మాత్రం రాత్రి. అక్కడ పొద్దుపొడుపూ పొద్దుగుంకూ అన్నీ లైట్లే. పగళ్లు కురచ, రాత్రుళ్లు పొడుగు. అలాంటి పొడుగు రాత్రుళ్లు వరసగా దొరికితేనే అడవి చిక్కుడు పూత వేస్తుంది. నడుమ కాస్త వెలుగు తగిలినా గడిచినవి చిన్న రాత్రుళ్లే అనుకుని మళ్లీ మొదటికొస్తుంది.

ఈపాటికి పూసి ఉండాల్సిన తీగ ఇది. మొగ్గ జాడే లేదు. పైగా మొదలు దగ్గర కుళ్లు పట్టి పైకి పాకుతోంది.

తీగ పుట్టిన కొండను క్వారీ మింగేసింది. విత్తనం మిగల్లేదు. కొమ్మలు కత్తిరించి నాటి చూస్తే ఒక్కటీ వేరు పట్టలేదు. పరిశోధకురాలి దగ్గర ఇక మిగిలింది ఈ ఒక్క తీగే. తోట చిక్కుడుకు ఈ రాత్రుల పట్టింపు ఎప్పుడో పోయింది. ముందు కాసిన మొక్క గింజలే రైతులు తరతరాలుగా దాచుకుంటే, తొందరపడే రకమే నిలిచింది. ఇప్పుడు వానలు వెనక్కి జరిగి, ఆ తొందరపాటు పూత ఎండకు రాలిపోతోంది. ఆగడం తెలిసిన జీన్ ఈ తీగలో ఉంది. ఒక్కసారి పూస్తే చాలు, పుప్పొడి తీసి తోట చిక్కుడుకు అద్దవచ్చు. పూయకుండా చచ్చిపోతే ఆ గుణమూ దానితోనే పోతుంది.

"పద, ఒక్కసారి చూసొద్దాం," అంది వదిన. పరిశోధకురాలి అన్నయ్య భార్య, ఇక్కడి మొక్కల పోషణంతా ఆమె చేతి మీదే నడుస్తుంది.

"ఇందాకేగా చూశాం."

"చూస్తే? పురిటి గది బయట కూర్చున్నట్టుంది నా ప్రాణం."

ఆకుపచ్చ వెలుగు మొక్కలకు పెద్దగా ఆనదు. అందుకే చీకటి గదిలోకి పచ్చ దీపంతోనే వెళ్తారు. అసలు దీపం మాడిపోయిన రోజు, పరిశోధకురాలే మామూలు టార్చికి పచ్చ ప్లాస్టిక్ కాగితం చుట్టింది. అప్పట్నుంచీ దాంతోనే నెట్టుకొస్తున్నారు.

గదిలోకి వెళ్లాక, ఆ టార్చి వెలుగులో వదిన వంగి, ఆకు ఎత్తి చూసింది. పరిశోధకురాలి చూపు ఆ చేతి మీదే ఆగిపోయింది.

"వదినా, నీ గ్లవుజులు ఏ రంగు?"

"ఎరుపు. నువ్వు కొనిచ్చినవే. కళ్లు కూడా పోయాయా తల్లీ?"

"ఎర్రగానే కనిపిస్తున్నాయి."

"మరి ఎర్రవి ఎర్రగా కాక..."

"అచ్చమైన పచ్చ వెలుగులో ఎరుపు నల్లగా కనబడాలి!"

పరిశోధకురాలు టార్చి ఆర్పేసింది. ఇన్నాళ్లూ ఆ కాగితంలోంచి ఎర్ర వెలుగూ కారుతోందన్నమాట. మొక్క రాత్రిని విరిచేది ముఖ్యంగా ఆ ఎరుపే.

"అంటే... మనం వచ్చి చూడ్డం వల్లే పూయలేదా?"

"అంతే. వచ్చినప్పుడల్లా లేపేశాం."

కాగితం చుట్టిందెవరో వదినకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు.

వరండాలోకి వచ్చాక పరిశోధకురాలు గోడకు ఆనుకుంది. "మళ్లీ మొదట్నుంచి అన్ని రాత్రుళ్లూ గడిచేదాకా ఇది బతకదు. పూయమనే కబురు ఆకుల్లో పుట్టి, కాండం గుండా చిగురుకు వెళ్తుంది. దీని ఆకుల్లో పుట్టకపోతే, పుట్టినచోటి నుంచి తెద్దాం."

"పూతలో ఉన్న తోట చిక్కుడు మీద అంటు కడతావా?"

"ఆకులు తుంచేసి, బతికున్న చిగురు మాత్రమే. కబురు దానిదైనా పుప్పొడి దీనిదే."

"అతకకపోతే?"

"ఇక ఏమీ ఉండదు."

తిరిగి గదిలోకి వెళ్లి, లైటు వేసి, పరిశోధకురాలు బ్లేడు చేతిలోకి తీసుకుంది గానీ, చెయ్యి కదలలేదు.

"మీ అన్నయ్యను చేసుకునేటప్పుడు కూడా నేనింత ఆలోచించలేదు. కానియ్," అంది వదిన.

కోసింది. కోతకు కాస్త కిందనే కాండం లోపలంతా గోధుమరంగు. పైన ఇంకా పచ్చిగానే ఉంది. తోట చిక్కుడు కాండాన్ని చీల్చి, చిగురును అందులో దించి టేపు చుట్టింది. పైన ప్లాస్టిక్ సంచి కప్పి, లోపల నీళ్లు చిలకరించింది.

ఒక సాయంత్రం చిగురు తలవాల్చింది. ఇద్దరూ దాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వదిన కుండీని నీడలోకి జరిపి, మళ్లీ నీళ్లు చిలకరించి ఇంటికెళ్లింది. తెల్లారేసరికి తల కొంచెం నిలబెట్టింది. చీకటి గదిలో తల్లితీగ ఈలోగా నేలకు ఒరిగిపోయింది.

మరికొన్నాళ్లకు కణుపు దగ్గర ఏదో ఉబ్బింది. మొగ్గ కాక కొత్త కొమ్మేమోనని పరిశోధకురాలు భయపడింది. భూతద్దం పెట్టి చూసింది. ఊదారంగు మొగ్గ.

ఆ పువ్వు విచ్చిన పొద్దుటికల్లా, సొంత పుప్పొడి పడకుండా తోట చిక్కుడు మొగ్గలోని పుప్పొడి తిత్తుల్ని ముందే తీసేసి సిద్ధంగా ఉంచారు. బ్రష్ కొసన అడవి పుప్పొడి పసుపుగా అంటుకుంది. వదిన పరిశోధకురాలి మోచేతి కింద అరచెయ్యి ఆనించింది. బ్రష్ తోట చిక్కుడు పువ్వులో పుప్పొడిని పట్టే కొసను, కీలాగ్రాన్ని తాకింది.

వదిన ఆ పువ్వు కాడకు గుర్తుగా దారం కట్టింది. రేకులు రాలిన చోట గోరంత కాయ కనబడేదాకా ఆ కుండీని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.